ఖాళీ అంచు: ఆర్కిటిక్ కొండ ఫొటోలు, గంజాం తీరంలో పదకొండు మంది పిల్లల లెక్క

రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగకి దగ్గర్లో ఒక జాలరి ఊళ్లో, పిల్లలకి పక్షుల లెక్క నేర్పే ఈ పని జరిగింది. ఊరు ఒడిశాలో, గంజాం జిల్లాలో. చుట్టుపక్కల ఒడియావాళ్లు ఈ జాలర్లని నోలియాలంటారు. వీళ్లకి ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు ఒడియా. నేను బరంపురంలో ఉంటాను. ఆదివారాలు ఈ తీరం ఊళ్లకి వచ్చి, పక్షుల్ని, తాబేళ్లని ఎలా లెక్కపెట్టాలో పిల్లలకి నేర్పుతాను. ఈ కేసులో పిల్లలు పదకొండు మంది, ఏడు నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివేవాళ్లు.

లెక్క అంటే ఈ పిల్లలకి కొత్త కాదు. 2025 ఫిబ్రవరిలో వాళ్ల ఒడ్డు మీద దాదాపు 7 లక్షల ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టినట్టు లెక్క తేలింది. అన్ని తాబేళ్లని ఎవరూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టరని, ఒడ్డు మీద కొన్ని పట్టీలు గుర్తుపెట్టుకుని, ఆ పట్టీల్లోకి వచ్చినవాటిని రాత్రంతా కొంతసేపటికోసారి లెక్కేసి, మొత్తం ఒడ్డుకి హెచ్చిస్తారని వాళ్లకి తెలుసు.

నా అసలు ఉద్దేశం నది మొగలో ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టే చిన్న టర్న్ పిట్టల్ని వాళ్ల చేత గమనింపజేయడం. కానీ లెక్క రానివాళ్లని నేరుగా తిన్నె మీదికి తీసుకెళ్లడం నాకు ఇష్టం లేదు. మనిషి దగ్గరికెళితే టర్న్‌లు లేచిపోతాయి. ఏప్రిల్, మే ఎండలో కాసేపు నీడ లేకపోతే గుడ్డు మాడిపోవచ్చు. మనం నేర్చుకోవడానికి పిట్ట మూల్యం కట్టకూడదు. అందుకని ముందు ఫొటోల మీద నేర్పుదామనుకున్నాను. ఫొటోలోని పిట్ట ఎగిరిపోదు. ఒకే ఫొటోని పదకొండు మంది లెక్కపెట్టొచ్చు, ఎవరి లెక్క ఎక్కడ తప్పిందో అక్కడే వేలు పెట్టి చూపించొచ్చు.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. 2014లో మొదలైన పెంగ్విన్ వాచ్ అనే ఆన్‌లైన్ ప్రాజెక్టులో అంటార్కిటికా పెంగ్విన్ల గుంపుల ముందు పెట్టిన కెమెరాల ఫొటోల్ని ప్రపంచంలో ఎవరైనా ఇంట్లో కూర్చుని గుర్తులు పెట్టొచ్చు. ఒక్కో ఫొటోని చాలామంది చూస్తారు, వాళ్ల గుర్తులు ఎక్కడ కలిశాయో దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఆర్కిటిక్ కొండల సముద్రపక్షుల కోసం సీబర్డ్ వాచ్ కూడా వచ్చింది. నాకు తెలిసిన ఒక పరిశోధకుడు ఆర్కిటిక్‌లో నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో ఒక కొండ ముఖానికి ఎదురుగా పెట్టిన కెమెరా నుంచి ఒక ఎండాకాలం ఫొటోలు ఇచ్చారు. మే చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా, రోజూ ఒకే వేళకి తీసినవి. అందులోంచి 60 ఏరి ప్రింట్లు తీయించాను. మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం 2008 నుంచి ఉన్నది ఆ దీవుల్లోనే, న్యూ ఓలెసుండ్‌లో. అది చెప్పగానే పిల్లలకి ఆ చోటు కొంచెం దగ్గరైంది.

కొండ ఎలా ఉంటుందో చెప్పాలి. నల్లరాయి పొరలు పొరలుగా ఉంటుంది. పొరపొరకీ మధ్య అడుగు వెడల్పు కూడా లేని అంచులు. అంచుల కింద రెట్ట తెల్లటి చారలుగా కారి ఉంటుంది. ఈ అంచుల మీద రెండు జాతులు. ఒకటి కిట్టివేక్, తెల్ల తల, బూడిదరంగు రెక్కలు. దాని అరుపే దాని పేరు. బురద, గడ్డి తెచ్చి అంచుకి అతికించి గూడు కడుతుంది, ఎక్కువగా రెండు గుడ్లు పెడుతుంది. రెండోది బ్రూనిక్ గిల్లెమాట్. నల్ల వీపు, తెల్ల పొట్ట. ఇది గూడే కట్టదు. ఒకే ఒక్క గుడ్డు ఉత్త రాయి మీద పెట్టి, దాని మీద నిటారుగా కూర్చుంటుంది. గుడ్డు ఒక పక్క బాగా మొనదేలి ఉంటుంది. ఏటవాలు రాయి మీద అది కుదురుగా నిలవడానికి ఆ ఆకారం పనికొస్తుందని పక్షి శాస్త్రవేత్త టిమ్ బర్క్‌హెడ్ బృందం చెప్పింది. గుడ్డు గుడ్డుకీ రంగు, మచ్చలు వేరు. అంత ఇరుకులో తన గుడ్డేదో తల్లికి తెలియాలి కదా.

మొదటి లెక్క

మొదటి ఆదివారం ఒక్క ఫొటో ఇచ్చాను. కిట్టివేక్‌లు ఎన్ని, గిల్లెమాట్‌లు ఎన్ని రాయమన్నాను. అంతకంటే ఏమీ చెప్పలేదు.

కిట్టివేక్‌ల లెక్క 23 నుంచి 58 దాకా వచ్చింది. ఒకే ఫొటో. 23 రాసిన పిల్ల, 58 రాసిన పిల్ల పక్కపక్కనే కూర్చున్నారు, ఇద్దరూ జాగ్రత్త గలవాళ్లే. ఇద్దర్నీ వేలు పెట్టి చూపించమంటే విషయం బయటపడింది. ఒక పిల్ల గూళ్లు లెక్కపెట్టింది. రెండో పిల్ల కనపడిన ప్రతి తెల్లతలనీ లెక్కపెట్టింది, ఎగురుతున్నవాటితో సహా. ఇద్దరి లెక్కా సరైనదే. అడగడం రాక తప్పు చేసింది నేను.

కొండల మీద పనిచేసేవాళ్లు ఈ తేడాని మొదటే తేల్చుకుంటారు. కిట్టివేక్‌కి గూడు లెక్క. గూడు పూర్తిగా కట్టి ఉండాలి, దాని మీద పిట్ట ఉండాలి. గిల్లెమాట్‌కి గూడు లేదు కాబట్టి అంచు మీద నిలబడ్డ పిట్టల లెక్క. అందులో గుడ్డు మీద ఉన్నది ఒకటైతే, ఊరికే పక్కన నిలబడ్డ జతగాడు ఇంకొకటి. అందుకే పిట్టల లెక్కని జంటల లెక్కగా మార్చడానికి ఒక గుణకం వాడతారు. బ్రిటన్‌లో సాధారణంగా 0.67 వాడతారు, అంటే 100 పిట్టలు కనపడితే సుమారు 67 జంటలు. ఈ గుణకం ఒక చోటిది ఇంకో చోట కళ్లు మూసుకుని వాడకూడదు.

నేను బోర్డు మీద ‘పిట్ట కూర్చున్న పూర్తి గూడు’ అని రాశాను. ఎవరికీ పట్టలేదు. పూర్తి అంటే ఎంత? అప్పుడు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె లేచి, "మాయమ్మ తలమీద పెట్టుకునే సుట్టకుదురులాగుంది మాష్టారూ" అంది. చేపల గంప కింద నెత్తిన పెట్టుకునే గుడ్డ చుట్ట. కిట్టివేక్ గూడు అచ్చం అలాగే ఉంటుంది: గుండ్రంగా, మందంగా, నడుమ పల్లంగా. ఆ క్షణం నుంచి మా లెక్కకి పేరు కుదురు. గుండ్రం పూర్తయితే కుదురు, సగం గడ్డి వేలాడుతుంటే కాదు. మళ్లీ లెక్కపెడితే 24 నుంచి 29 మధ్యకి వచ్చారు. ఇంగ్లిష్ పుస్తకంలోని నిర్వచనాన్ని నేను తెలుగు చేసి చెప్పిన దానికంటే, వాళ్లమ్మ నెత్తి మీది వస్తువు బాగా పనిచేసింది. అప్పటినుంచి ఏ ఊళ్లోనైనా నిర్వచనం నేను రాసి తీసుకెళ్లడం లేదు, అక్కడివాళ్ల నోటి నుంచే అడిగి తీసుకుంటున్నాను.

గిల్లెమాట్‌లు ఇంత తేలిగ్గా లొంగలేదు. అవి కొండవైపు తిరిగి నిలబడతాయి. నల్ల వీపు, నల్ల రాయి, ఒకదాని వెనక ఒకటి. పిల్లలు పుంజీల లెక్కన, నాలుగేసి చొప్పున లెక్కపెట్టారు, చివర్న మిగిలినవి విడిగా కలిపారు. ఒక అబ్బాయి అట్టముక్కకి చిన్న కిటికీ కోసి, దాన్ని అంచు పొడుగునా జరుపుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పక్కనున్నవి కనపడకపోతే కన్ను తప్పదు. మిగతావాళ్లూ అదే పట్టుకున్నారు. అయినా తేడా పూర్తిగా పోలేదు. ఆ తేడాని చెరిపేయకుండా, ప్రతి ఫొటోకీ అందరి లెక్కలూ అలాగే ఉంచాం.

ఇక్కడే ఇంకో చిన్న తప్పు దొరికింది. ఒక ఫొటో నిండా పొగమంచు, కొండే కనపడదు. ఒక పిల్లాడు రెండు గళ్లలోనూ 0 రాశాడు. సున్నా అంటే చూశాను, లేవు అని. కనపడలేదు అంటే నాకు తెలియదు అని. ఈ రెండింటినీ కలిపేస్తే తర్వాత ఎంత పెద్ద లెక్క వేసినా పనికిరాదు. అలాంటి ఫొటోలకి గడిలో అడ్డగీత పెట్టాలని నియమం పెట్టుకున్నాం.

నేను దాచిన తేదీలు

అసలు తప్పు నాది. ఫొటోల మీద తేదీ కనపడితే పిల్లలు ముందటి లెక్క గుర్తుపెట్టుకుని దానికి తగ్గట్టు రాస్తారని భయపడ్డాను. అందుకని తేదీల మీద కాగితం అతికించి, 60 ఫొటోల్నీ పేకముక్కల్లా కలిపేశాను. లెక్కపెట్టేవాళ్ల నిజాయితీ పరీక్షించడానికి అది మంచి పద్ధతే. కానీ లెక్క అయ్యాక తేదీలు తిరిగి ఇవ్వకుండా, ఈ కొండకి ఏమైందో చెప్పమని అడిగాను.

కొన్ని ఫొటోల్లో గిల్లెమాట్ అంచులు పూర్తిగా ఖాళీ. రెట్ట చారలు తప్ప ఏమీ లేదు. అవి చూసి గది నిశ్శబ్దమైపోయింది. "పిట్టలన్నీ సచ్చిపోనాయా మాష్టారూ?" అని అడిగింది అందరికంటే చిన్న పిల్ల. పదకొండు మందిలో తొమ్మిది మంది ‘తుపాను’ అని రాశారు. అందులో వింతేమీ లేదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అప్పటికి వీళ్లలో కొందరు పసివాళ్లు, మిగతావాళ్లు పుట్టలేదు. 2018 అక్టోబర్లో తిత్లీ మాత్రం వాళ్లకి గుర్తుంది. రాత్రికి రాత్రి ఖాళీ అయిపోవడం అంటే వాళ్లకి తెలిసిన అర్థం అదొక్కటే.

ఆ రోజు చేపలవేట నిషేధం నడుస్తోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పుతీరంలో మోటారు పడవలు కదలవు. మేం కూర్చున్న పాకలోనే ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నారు, పిల్లల్లో ఇద్దరికి తాత. ఆ ఖాళీ ఫొటో ఆయన చేతికిచ్చింది మనవరాలు.

"ఇదే నెలమ్మా?" అన్నారాయన.

"తెల్దు తాతా. మాష్టారు కాయితం అంటించేసారు."

ఆయన ఫొటో నాకు తిరిగిచ్చారు. "నెల తెల్దంటే ఏటి సెప్తాం మాష్టారూ? ఇప్పుడు సూడండి, మన ఒడ్డునిండా పడవలే. బాగున్నట్టా? రేపు నిషేధం ఎత్తేస్తే ఒక్క పడవుండదు ఒడ్డుమీద. ఊరు పాడైపోనట్టా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. పదిహేనేళ్లుగా లెక్కలు నేర్పుతున్నాను. ఖాళీ అన్నది మంచి వార్త కూడా కావచ్చని పుస్తకంలో చదివినవాణ్ణే. కానీ పిల్లలు దాన్ని చూడగలిగే ఒకే ఒక్క ఆధారాన్ని, తేదీని, నా చేతులతో నేనే మూసేశాను.

కాగితాలన్నీ పీకేశాం. పాక నేల మీద వల పక్కకి జరిపి, 60 ఫొటోల్నీ తేదీల వరసలో పరిచాం. పిల్లలు వాటి పక్కనే మోకాళ్ల మీద నడుచుకుంటూ చూశారు.

జులై రెండో సగం దాకా గిల్లెమాట్ అంచులు నిండుగా ఉన్నాయి. తర్వాత రోజురోజుకీ పలచబడి, ఆగస్టు మొదటి వారానికి ఖాళీ. తుపానైతే ఒక్కరోజులో తుడిచిపెట్టుకుపోవాలి, ఇది అలా లేదు. అప్పుడు వాళ్లకి గిల్లెమాట్ పిల్లల సంగతి చెప్పాను. గుడ్డు పొదగడానికి నెల రోజుల పైన పడుతుంది. పిల్ల పుట్టి మూడు వారాలు అయ్యేసరికి, ఇంకా ఎగరడం రాకముందే, కొండ మీంచి దూకేస్తుంది. రెక్కలు పొట్టివి, ఈకలు సగమే. కింద సముద్రంలో తండ్రి పిలుస్తుంటాడు. గుండెలు గుభేలుమనే ఎత్తు నుంచి దూకి, నీళ్లలో పడితే తండ్రి పక్కకి చేరుతుంది. రాళ్ల మీద పడితే కింద ఆర్కిటిక్ నక్క, పైన పెద్ద గల్ పక్షి కాచుకుని ఉంటాయి. చేరిన పిల్లని తండ్రి నెలకు పైగా సముద్రంలోనే మేపుతాడు. అలా అంచులు ఖాళీ అవుతాయి. పిల్లలు దూకి సముద్రం చేరాయి కాబట్టి ఖాళీ. ఆ కొండకి అంతకంటే మంచి కబురు లేదు.

"అయితే ఏటకెల్లిపోనాయి" అన్నాడు అట్టకిటికీ అబ్బాయి.

నేను ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ కుదురు మాట ఇచ్చిన పిల్ల ఫొటోల ఎడమ పక్కనే చూస్తూ కూర్చుంది. అక్కడ కిట్టివేక్‌ల గూళ్లు. జూన్ చివరి ఫొటోల్లో కొన్ని కుదురులు అప్పుడే ఖాళీ. పిట్ట లేదు, గూడు ఉంది. "ఇవి కూడా ఏటకెల్లినట్టేనా?" అంది.

ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పలేదు, లెక్కే వెయ్యమన్నాను. ఆ కొండ మీద కిట్టివేక్ గుడ్లు పెట్టేది జూన్‌లో. పొదగడానికి దాదాపు 27 రోజులు. పిల్ల ఎగరడానికి ఇంకో అయిదారు వారాలు. నేల మీద బొగ్గుముక్కతో రాసుకుంది. జూన్ మొదటి రోజునే గుడ్డు పెట్టిందనుకున్నా, పిల్ల ఎగిరేసరికి ఆగస్టు వస్తుంది. మరి జూన్ 28న ఖాళీ అయిన కుదురులో పిల్ల ఎగిరిపోయే వీలే లేదు. గుడ్డు పోయింది, లేదా తల్లిదండ్రులు వదిలేశాయి. కారణం ఈ ఫొటోలు చెప్పవు. గల్ కావచ్చు, తిండి దొరక్కపోవడం కావచ్చు. కానీ నెగ్గలేదన్నది మాత్రం తేదీలతోనే తేలిపోయింది.

ఒకే కొండ, ఒకే ఎండాకాలం. కుడివైపు ఖాళీ ఒకటి, ఎడమవైపు ఖాళీ ఇంకొకటి. నాకు ఈ కేసంతా ఆ బొగ్గు గీతల దగ్గరే ఉంది.

పెద్ద ఖాళీలు

తర్వాతి ఆదివారం ధ్రువాల దగ్గర నిజంగా జరిగిన మూడు ఖాళీల గురించి చెప్పాను. మూడింటికీ అర్థం వేరు.

అంటార్కిటికాలో డ్రోనింగ్ మౌడ్ లాండ్‌లో స్వార్థమారెన్ అనే కొండ ఉంది. తీరానికి దాదాపు 200 కిలోమీటర్లు లోపల. మన మైత్రి పరిశోధన కేంద్రం ఉన్నదీ ఆ ప్రాంతంలోనే. 1985 నుంచి 2020 దాకా అక్కడ ఏటా 20 వేల నుంచి 2 లక్షల దాకా అంటార్కిటిక్ పెట్రెల్ గూళ్లు ఉండేవి. 2021-22లో, అక్కడి ఎండాకాలమైన డిసెంబర్, జనవరిల్లో, గుడ్లు పెట్టే వేళకి విపరీతమైన మంచు తుపాన్లు వచ్చాయి. శాస్త్రవేత్తలకి కనపడిన అంటార్కిటిక్ పెట్రెల్ గూళ్లు మూడు. స్కువా అనే ఇంకో సముద్రపక్షి గూడు ఒక్కటీ లేదు. ఇవి నేల మీద, రాళ్ల సందుల్లో గుడ్లు పెట్టే పక్షులు. నేల మంచుతో కప్పేస్తే గుడ్డు పెట్టడానికి చోటుండదు. తొమ్మిది మంది రాసిన ‘తుపాను’ అన్న జవాబు ఇక్కడ సరిపోతుంది.

రెండోది అంటార్కిటికాలోనే హాలీ బే. చక్రవర్తి పెంగ్విన్ల గుంపుల్లో ఒకప్పుడు ప్రపంచంలో రెండో పెద్దది. అవి సముద్రం మీద గడ్డకట్టిన మంచు మీద పిల్లల్ని పెంచుతాయి. 2016లో ఆ మంచు పిల్లలకి ఈకలు రాకముందే విరిగిపోయింది. తర్వాత రెండేళ్లూ అదే. గుంపు దాదాపు మాయమైంది. కానీ పెద్ద పెంగ్విన్లలో చాలా దగ్గరున్న డాసన్-లాంబ్టన్ గుంపుకి చేరినట్టు ఉపగ్రహ ఫొటోల్లో తెలిసింది. పిల్లలు పోయాయి, పెద్దవి తావు మార్చాయి. ఒక్క చోటే చూసుకుంటే ఈ సంగతి తెలిసేది కాదు.

మూడోది అలాస్కా. 2014 నుంచి 2016 దాకా ఉత్తర పసిఫిక్ వేడెక్కి, కామన్ గిల్లెమాట్‌లకి తిండి దొరకలేదు. కాలిఫోర్నియా నుంచి అలాస్కా దాకా ఒడ్డుకి కొట్టుకొచ్చిన కళేబరాలే 62 వేలు. అంచుల మీద ఏళ్ల తరబడి చేసిన లెక్కల్ని కలిపి చూసి, దాదాపు 40 లక్షల పక్షులు, అంటే అలాస్కాలో ఉన్నవాటిలో సగం, చనిపోయాయని 2024లో తేల్చారు. అంత పెద్ద మాట ధైర్యంగా చెప్పగలిగారంటే, వేడి రాకముందు నుంచీ అవే అంచుల్ని, అదే కాలంలో, అదే పద్ధతిలో ఎవరో ఓపిగ్గా లెక్కపెట్టి ఉంచబట్టే. ఏ గొడవా లేని ఏళ్లలో లెక్కపెట్టినవాళ్ల పని ఎంత విలువైనదో ఈ ఒక్కచోట కనపడుతుంది. నాకు వాళ్ల మీద చెప్పలేనంత గౌరవం.

తిన్నె మీద

మరుసటి ఏడు ఏప్రిల్లో టర్న్‌ల పని మొదలుపెట్టాం. తిన్నె మీద కాలు పెట్టలేదు. నది ఇవతలి గట్టు మీద తాటాకు పందిరి వేసి, స్టాండు మీద టెలిస్కోపు పెట్టి, వారానికి మూడు రోజులు పొద్దున ఆరు నుంచి ఏడు దాకా చూశాం. టర్న్ గూడంటే ఇసుకలో ఒక చిన్న గుంట, అంతే. కాబట్టి లెక్క గుంటలది: పిట్ట పొదుగుతూ కూర్చున్న గుంట ఒకటి. పుస్తకంలో మొదటి గడి తేదీ, రెండో గడి వేళ, మూడో గడిలో అవతలి గట్టు కనపడుతోందా లేదా. లెక్క నాలుగో గడిలో. ఈ వరస పిల్లలే పెట్టారు.

చిన్న టర్న్ గుడ్డు మూడు వారాలకి పిల్లవుతుంది. పుట్టిన పిల్ల ఒకట్రెండు రోజుల్లోనే గుంట వదిలి ఇసుకలో, గడ్డిలో దాక్కుంటుంది. కాబట్టి ఇక్కడా ఖాళీ గుంటకి రెండు అర్థాలు, నడుమ గీత ఇరవయ్యో రోజు దగ్గర. పిల్లలు ఒక్కో గుంటకి ఒక నంబరు ఇచ్చి, పిట్ట కూర్చోవడం మొదటిసారి చూసిన రోజు నుంచి రోజులు లెక్కేశారు.

పధ్నాలుగు గుంటలు చూశాం. పున్నమి పోటుకి అయిదు ఒక్కసారే పోయాయి, అప్పటికి వాటి వయసు తొమ్మిది రోజులు. మూడు కుక్కల పాలయ్యాయి, తెల్లవారి ఇసుక మీద అడుగులు గట్టు నుంచే కనపడ్డాయి. రెండు ఎందుకు పోయాయో తెలియదు, పుస్తకంలో అలాగే రాశాం. కుక్కల సంగతి ఊరి పెద్దలతో మాట్లాడితే, పచ్చిచేప తలలు మొగ దగ్గర పారెయ్యకూడదని ఆడవాళ్లే కట్టడి చేసుకున్నారు. దానివల్ల ఎంత తేడా వస్తుందో ఒక్క ఏడులో చెప్పలేను.

మిగిలిన నాలుగింటిలో పదకొండో నంబరు గుంట గురించి కుదురు పిల్ల రాసిన రెండు వరసలు పుస్తకంలో ఉన్నాయి. ఒడియా లిపిలో, తెలుగు మాటల్లో.

‘22వ రోజు. గట్టు బాగా కనపడుతోంది. గుంట ఖాళీ. పెద్ద పిట్ట నోట చేపతో తిరుగుతోంది.’

‘24వ రోజు. గుంట ఖాళీ. బాలబంది తీగ కింద పిల్ల ఉంది. ఒకటి.’